దీవికి మంచి నెల

పైలట్ అంటే విమానం నడిపే పైలట్ కాదు. ఆయన ముప్పై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. "నేను పైకీ కిందకీ తిరిగిన దూరమంతా ఒకే వైపు తిరిగుంటే ఈపాటికి చంద్రుడి మీద సొంతిల్లు కట్టుకునేవాణ్ణి" అని ఒకరోజు టీ కొట్టు దగ్గర కూర్చుని అన్నాడు. కొట్టు నడిపే ఆవిడ పాలు మరిగిస్తూ, "అయితే నువ్వు పైలట్‌వే అన్నయ్యా" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు.

టీ కొట్టుని ఆనుకునే ఫొటో స్టూడియో. స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్‌కి పైలట్ సొంత బావ, అక్క మొగుడు. అక్క పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళుగా సాయంత్రం అయిదయ్యేసరికి బావ వచ్చి బెంచీకి గోడ వైపు చివర కూర్చోవడం, గ్లాసు చేతికి రాగానే ఏదో ఒక కోత మొదలుపెట్టడం, బామ్మర్ది స్టూడియో గుమ్మానికి ఆనుకుని వినడం మామూలైపోయింది. బావ దగ్గర కోతలకి కొదవలేదు. తీగ తెగి పదో అంతస్తు నుంచి లిఫ్టు పడిపోతుంటే, నేలకి తగిలే ముందు సరిగ్గా ఒక్క గెంతు గెంతి బతికి బయటపడిన కోత ఒకటి. మంత్రిగారు లిఫ్టులో ఇరుక్కుంటే తలుపు సందులోంచి పాట పాడి నిద్రపుచ్చిన కోత ఇంకొకటి. కానీ జనం మళ్ళీమళ్ళీ అడిగి చెప్పించుకునేది మాత్రం దీవి కథ. పెళ్ళాన్ని తీసుకుని, సముద్రం నడిమధ్యలో ఉన్న ఆ వేడి దేశానికి వెళ్ళొచ్చిన కథ.

అందులో నిజమెంతో ఫొటోగ్రాఫర్‌కి తెలుసు. అయినా ఆరేళ్ళలో ఒక్కసారీ నోరెత్తలేదు. ఎందుకంటే ఆ కథలో అక్క నడిచేది, విసుక్కునేది, బావని ఆటపట్టించేది. చెప్పిన ప్రతిసారీ ఆవిడ చేత కొత్త మాట ఒకటి అనిపించేవాడు బావ. అది అచ్చం అక్క మాటలాగే ఉండేది. పోయిన మనిషి కొత్తగా మాట్లాడటం ఆ బెంచీ దగ్గర తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ రోజు మధ్యాహ్నం వీధి చివర టైలరు, భార్యని వెంటబెట్టుకుని వీసా ఫొటోల కోసం స్టూడియోకి వచ్చాడు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా మొగుడి కొట్లోనే చేతికుట్టు పని చేస్తోంది. ఈ వీధిలో చాలామంది చొక్కాల బొత్తాలు ఆవిడ కుట్టినవే. స్టూలు మీద కూర్చోబెట్టి లైట్లు వేసి, "ఇటు చూడమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"చూస్తూనే ఉన్నానుగా తమ్ముడూ."

చూడటం లేదు. ఆవిడ చూపు కెమెరాకి జానెడు పక్కన గోడ మీద ఉంది. ఫొటోగ్రాఫర్ ఇంకేమీ అనకుండా లెన్సు పక్కన చిటికె వేశాడు. చప్పుడు వినపడిన వైపు ఆవిడ తల తిప్పింది. ఫొటో బాగానే వచ్చింది.

ఆవిణ్ణి బయట కుర్చీలో కూర్చోబెట్టి వచ్చి టైలరు గొంతు తగ్గించాడు. "చూపు నడిమధ్య మసక పట్టేసింది. పక్క చూపుతో నెట్టుకొస్తోంది. అది కూడా మూడు నెలలన్నాడు డాక్టరు, మహా అయితే నాలుగు. ఎవరితోనూ అనకు, జాలిగా మాట్లాడితే తనకి ఒళ్ళు మంట. ఏం చూడాలనుందే అని అడిగితే, చుట్టూ నీళ్ళున్న నేల చూడాలంది. చిన్నప్పుడు క్యాలెండరు మీద చూసిందట."

"మరి ఎప్పుడు ప్రయాణం?"

"అదే తేలట్లేదు. ట్రావెల్స్ వాళ్ళు వచ్చే వారమైతే వచ్చే వారం, లేదంటే ఏడు నెలలాగి వెళ్ళండి, రేపటికల్లా ఏదో ఒకటి చెప్పండి అంటున్నారు. ఇప్పుడక్కడ వానలట."

"వచ్చే వారమే వెళ్ళు."

"వానల్లో ఏం కనపడుతుంది? తను చూసేదే ఒక్కసారి. మంచి రోజుల్లో చూడాలి కదా. డాక్టర్లన్నాక నాలుగు నెలలంటారు, ఎనిమిది నెలలూ నడవచ్చు. సాయంత్రం పైలట్ గారిని అడుగుతాను. ఎంత కోతలరాయుడైనా వెళ్ళొచ్చిన మనిషి. ఏ నెల మంచిదో ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?"

ఫొటోగ్రాఫర్ నోరు తెరిచాడు. ఏదో చెప్పాలి. చెప్తే ఆ బెంచీ దగ్గర అక్క మాటలు ఆగిపోతాయి. "సాయంత్రం రా" అని మాత్రం అన్నాడు.

అయిదింటికి టైలరు వచ్చి బెంచీ మీద పైలట్ పక్కనే కూర్చున్నాడు. "పైలట్ గారూ, ఆ దీవికి ఏ కాలంలో వెళ్తే మంచిది?" అని అడిగాడు.

ఇంకేం కావాలి? పైలట్ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని, కాళ్ళు బారజాపాడు.

"సరైన మనిషినే అడిగావు టైలరూ. నేను అన్ని కాలాలూ చూశాను. పది రోజులకని వెళ్ళి ఏడాది ఉండిపోయాం, తప్పు నాది కాదు, వాళ్ళ లిఫ్టుది. హోటల్లో అడుగు పెట్టగానే లిఫ్టు మూలిగింది. మూలిగితే నేను ఊరుకోలేను కదా, జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది, రెండు నిమిషాల్లో సరిచేశాను. ఇంతవరకూ నమ్ముతావా?"

"నమ్ముతానండీ."

"అదీ! ఇక చూడు, హోటలుకి ఉన్నవి ఆరంతస్తులు. నేను బాగుచేశాక ఆ లిఫ్టు ఏడో అంతస్తు దాకా వెళ్ళొచ్చేది. జనం వరసకట్టి పైకెళ్ళి, ఓ మబ్బు తాకి, చేతులు తుడుచుకుని దిగేవారు. మేనేజరు నా చేతులు పట్టేసుకుని, అయ్యా, మీరు వెళ్ళిపోతే ఇది మళ్ళీ ఆరో అంతస్తులోనే ఆగిపోతుంది, ఏడాదంతా ఉండండి అని ఒకటే బతిమాలడం."

"అన్నయ్యా, పోయిన నెల చెప్పినప్పుడు ఎనిమిదో అంతస్తు అన్నావు" అంది టీ కొట్టావిడ.

"అది ఆదివారాలు. ఆదివారం బరువు తక్కువ. ఇంతకీ వానలు చెప్తాను విను. వాన మనకైతే పైనుంచి కిందకి పడుతుంది. అక్కడ అడ్డంగా వస్తుంది, కిందనుంచి పైకి లేస్తుంది, ఒక్కోసారి ఎటూ పోకుండా దారి మధ్యలో నిలబడిపోతుంది, మనమే పక్కకి తప్పుకుని వెళ్ళాలి. మూడో రోజుకి సముద్రం ఎక్కడ అయిపోయిందో వాన ఎక్కడ మొదలైందో చేపలకే అర్థం కాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ పెద్ద చేప, ఇదిగో ఈ బెంచీ అంత, వానలో ఈదుకుంటూ మూడో అంతస్తుకొచ్చి మా గది కిటికీలోంచి తల పెట్టింది. నేను బిగుసుకుపోయాను. మా ఆవిడ మాత్రం తల కూడా ఎత్తలేదు. బట్టలు మడత పెట్టుకుంటూ, కాళ్ళు తుడుచుకుని లోపలికి రా అంది!"

"చేపకి కాళ్ళేవండీ?" అన్నాడు టైలరు నవ్వుతూ.

"నేనూ అదే అన్నాను. అయితే తోకయినా తుడుచుకోమనండి, ఇప్పుడే తుడిచాను గది అంది."

గుమ్మం దగ్గర ఫొటోగ్రాఫర్‌కి తెలియకుండానే నవ్వొచ్చింది. అక్క అంతే. కలెక్టరు వచ్చినా కాళ్ళు తుడుచుకుని రమ్మనే మనిషి. ఇక్కడితో ఆపేస్తే బాగుండును అనుకున్నాడు. కానీ బావ ఎక్కడ ఆగుతాడు?

"కాబట్టి వానల్లో వెళ్ళకు. కళ్ళ ముందు చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కనపడదు. అంతా తెల్లగా, పాలల్లో పడ్డట్టు ఉంటుంది. ఎందుకు, దండగ!"

టైలరు ముఖంలో నవ్వు పోయింది. "ఏమీ కనపడదా?"

"ఏమీ కనపడదు. పోనీ ఎండల్లో వెళ్దామా అంటే, ఆ ఎండ పగవాడికి కూడా వద్దు. మధ్యాహ్నమయ్యేసరికి చెట్ల నీడలన్నీ కరిగి కాలవల్లోకి పోయేవి. మనుషుల నీడలే మిగిలేవి. నాది కాస్త వెడల్పు నీడ కదా, పదకొండు మంది వచ్చి అందులో కూర్చున్నారు. పిల్లా పాపా, ఓ ముసలాయనకి మంచం కూడా వేశారు. ఇక నేను కదిలితే ఒట్టు! అలా పొద్దు వాలేదాకా నిలబడ్డాను. మా ఆవిడ గొడుగేసుకుని వచ్చి నన్ను చుట్టూ తిరిగి చూసి, అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినమంటే వినరు, తినుంటే ఇంకో ఇద్దరు పట్టేవారు కదా అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలులొచ్చాయి."

"గాలులు కూడానా?"

"గాలంటే గాలా! టీ అని కేకేస్తే ఆ మాట కొట్టుకుపోయి పక్క దీవిలో పడేది. వాళ్ళు పాపం టీ పంపించేవారు, అదొచ్చేసరికి చల్లారిపోయేది. ఓ రోజు పొద్దున్న లేచి చూస్తే, సూర్యుడు పడమటి కిటికీలోంచి వస్తున్నాడు. ఏంటా అని చూస్తే, దీవి మొత్తం తిరిగిపోయింది! అడుగున ఊడిపోయి నీళ్ళ మీద మెల్లగా జారిపోతోంది. ఆ దేశాన్ని ఏలేవాళ్ళందరూ రోడ్ల మీదకొచ్చి తలలు పట్టుకున్నారు. నేను లిఫ్టు తీగలు నాలుగు తెప్పించి, ఓ కొస హోటలుకి కట్టి, రెండో కొస నోట్లో పట్టుకుని సముద్రంలోకి దూకి, అడుగున ఓ బండకి బిగించి వచ్చాను. ఇప్పటికీ ఆ దీవి ఆ నాలుగు తీగల మీదే ఉంది. ఏటా ఒకసారి గ్రీజు పెట్టమని రాసిచ్చి వచ్చాను, పెడుతున్నారో లేదో."

నలుగురూ ఘొల్లున నవ్వారు. టీ కొట్టావిడ కళ్ళు తుడుచుకుంది. టైలరు ఒక్కడే నవ్వలేదు. ముందుకి వంగి, "మరి మంచి కాలమంటూ లేదా పైలట్ గారూ?" అన్నాడు.

"ఉంది." పైలట్ గొంతు మారింది. "ఎందుకు లేదు? గాలులు తగ్గాక ఓ నలభై రోజులుంటాయి. అప్పుడు సముద్రానికి అల ఉండదు. చప్పుడుండదు. అద్దం పరిచినట్టు. అడుగున ఉన్న గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఎంత నిశ్చలంగా ఉంటుందంటే దాని మీద నడవచ్చు. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. అలా చాలా దూరం వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి, రండి, ఏం ఫరవాలేదు, రండి అని పిలిచింది. నేను ఒడ్డునే ఉన్నాను. ఉండవే, ఇంకాస్త గట్టిపడనీ అన్నాను. ఇంకొక్క నాలుగు రోజులాగుదాం అన్నాను..."

ఇక్కడెప్పుడూ ఏదో జోకు వేసి ముగించేవాడు. ఈసారి రాలేదు. గ్లాసులో మిగిలిన చుక్క తాగేసి, "ఆ నెలలో వెళ్ళాలి. మిగతావన్నీ దండగ" అన్నాడు.

"అదెప్పుడొస్తుందండీ?"

"ఇంకో ఏడు నెలలకి."

టైలరు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. పెద్దగా ఊపిరి వదిలి, "సరే. ట్రావెల్స్ వాళ్ళకి అదే చెప్పేస్తాను. ఆగినంత ఆగాం, ఇంకో ఏడు నెలలెంత?" అన్నాడు.

ఫొటోగ్రాఫర్ గుమ్మం దిగి వచ్చాడు. ఆవిడ కళ్ళ సంగతి చెప్పకూడదు, టైలరు వద్దన్నాడు. ఇక చెప్పడానికి ఒక్కటే మిగిలింది.

"బావా, నువ్వు వెళ్ళలేదు."

"ఏంట్రా?"

"ఆ దీవికి నువ్వెప్పుడూ వెళ్ళలేదు. అక్కా వెళ్ళలేదు."

పైలట్ నవ్వబోయాడు. "ఏడాది పాటు ఉన్నవాణ్ణి పట్టుకుని..."

"పాస్‌పోర్టులు రెండూ నా సొరుగులోనే ఉన్నాయి బావా. ఇంట్లో ఉంచుకోలేనురా అని నువ్వే తెచ్చిచ్చావు. ఒక్క పేజీ మీద కూడా ముద్ర లేదు. నీకు తెలిసిన మంచి నెల ఏదీ లేదు. టైలరు నిన్ను నమ్ముకుని ఆగుతానంటున్నాడు. ఆగమనకు."

టీ కొట్టావిడ స్టవ్ ఆపేసింది. మామూలుగా ఎవరైనా అలా దొరికిపోతే ఆ బెంచీ దగ్గర పెద్ద నవ్వు లేచేది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పైలట్ గ్లాసుని బెంచీ మీద పెట్టాడు. అది సరిగ్గా కూర్చోలేదేమో, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

"పదకొండేళ్ళు" అన్నాడు చివరికి. అడ్డం తిరిగే వానలు, కరిగే నీడలు ఏవీ లేవు ఆ గొంతులో. "పదకొండేళ్ళు ఆపాను. మొదటేడు వానలన్నాను. తర్వాత ఎండలన్నాను. తర్వాత గాలులు. ఓ ఏడు జనం ఎక్కువ ఉంటారన్నాను. తను ఏ నెలైనా సరే అనేది. వాన పడితే గదిలో కూర్చుని చూద్దాం, పోనీలెండి అనేది. నేనే. తనకి చూపించేదేదో మంచిగా చూపించాలని నేనే. అక్కడి వాతావరణం పేపర్లో వస్తే కత్తిరించి పుస్తకంలో అతికించేవాణ్ణి. ఏ నెలలో ఎన్ని రోజులు వాన, ఎంత ఎండ, అన్నీ రాసుకున్నాను. చివరికి ఓ నెల తేల్చాను. టికెట్లు కొన్నాను. ఇంక పంతొమ్మిది రోజులున్నాయనగా, పొద్దున్న నేను డ్యూటీకి వెళ్ళాను. తను గిన్నెలు తోముతూ..."

ఆగాడు. ఫొటోగ్రాఫర్ తల దించుకున్నాడు. ఆ పొద్దున్న వంటింట్లో ఇంకా పారుతూనే ఉన్న పంపు కట్టేసింది తనే.

"ఆ నెలంతా నేను ఇంట్లో కూర్చుని టీవీలో ఆ ఊరి వాతావరణం చూశాను. ఒక్క చినుకు పడలేదు. గాలి లేదు, ఎండ కూడా పెద్దగా లేదు. నేను తేల్చింది మంచి నెలే టైలరూ. అందులో తప్పు లేదు."

టైలరు లేచి నిలబడ్డాడు. పైలట్ భుజం మీద ఒకసారి చెయ్యి వేశాడు. టీ అలాగే వదిలేసి, ట్రావెల్స్ ఆఫీసు ఉన్న వైపు గబగబా నడిచాడు.

ఆ మర్నాడు పైలట్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తొమ్మిది రోజులు చూసి, పదో రోజు ఫొటోగ్రాఫరే బావ ఇంటికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. బావ నలిగిన లుంగీతో, గడ్డం మాసి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రా అనలేదు.

"టైలరు వాళ్ళు వెళ్ళారు బావా. మొన్ననే విమానం ఎక్కారు. అక్కడ జోరుగా వానలట."

పైలట్ కిటికీ వైపు తిరిగాడు.

"టైలరు భార్యకి చూపు పోతోంది. అప్పుడు చెప్పకూడదన్నారు. ఇప్పుడు ఆవిడే చెప్పమంది. అందుకే అలా అనాల్సొచ్చింది."

పైలట్ బల్ల మీద గీతల వెంట వేలు నడిపాడు. "మంచి పనే చేశావు" అన్నాడు. తర్వాత, "కానీ ఒరేయ్, మీ అక్క ఈ ఇంట్లోంచి పోయాక ఆ బెంచీ దగ్గరే ఉండేదిరా. రోజూ అయిదింటికి వెళ్తే ఉండేది. నువ్వు అక్కణ్ణుంచి కూడా లేపేశావు."

"నాకు మాత్రం అక్కడ ఉండేది కాదా బావా?" అన్నాడు ఫొటోగ్రాఫర్. "ఆరేళ్ళు పని మానుకుని గుమ్మంలో నిలబడింది నీ దీవి కోసమా?"

పైలట్ తలెత్తి బామ్మర్ది వంక చూశాడు. ఈ సంగతి ఆయనకెప్పుడూ తట్టినట్టు లేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, రెండు కప్పుల టీ పెట్టుకొచ్చాడు. పంచదార ఎక్కువైంది. ఇద్దరూ అలాగే తాగారు.

టైలరు దంపతులు తిరిగొచ్చిన సాయంత్రం పైలట్ తనంతట తనే టీ కొట్టుకి వచ్చాడు. గోడ వైపు చోటు టైలరు భార్యకి ఇచ్చి, తను ఈ చివర కూర్చున్నాడు. ఆవిడ గ్లాసు కోసం చెయ్యి చాపితే, టైలరు గ్లాసు తెచ్చి వేళ్ళకి తగిలించాడు. వెళ్ళేటప్పటికి అంత అవసరం ఉండేది కాదు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది టీ కొట్టావిడ.

"పది రోజుల్లో ఎనిమిది రోజులు వానే వదినా" అంది ఆవిడ. "మొదటి రోజు ఈయన ముఖం చూడాలి, వాన తనే కురిపించినట్టు నా దగ్గర తలెత్తలేదు. నేనే బయటికి లాక్కెళ్ళాను. పడవలు బోర్లించి ఉన్నాయి. వాటి కింద కోళ్ళు నిలబడి ఉన్నాయి, మనుషుల్లాగా, వాన ఎప్పుడు తగ్గుతుందా అని. ఒకతను డబ్బాతో పడవలో నీళ్ళు తోడుతున్నాడు, వాన మళ్ళీ నింపుతోంది, అతను మళ్ళీ తోడుతున్నాడు. ఆకుపచ్చ చాలా ఉంది. అంత పచ్చ నాకు ఇంకా కనపడుతుందనుకోలేదు. రెండు రోజులు తెరిపిచ్చింది. అప్పుడు నీళ్ళ చివర దాకా చూశాను. చాలా దూరం ఉంది వదినా. చూసినంతసేపు చూశాను."

పైలట్ ఒక్క మాటా కలపలేదు. ఆయన ఊరికే కూర్చుని వినడం ఆ కొట్టు దగ్గర ఎవరూ ఎరగరు. ఆవిడ ఆగాక, గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి ఆయన ఆ దీవి గురించి అడుగుతున్నాడు.

"గదిలోంచి వాన కనపడుతుందా అమ్మా?"

"కనపడుతుందన్నయ్యా. కిటికీ పెద్దది."

"నీళ్ళు బాగా చల్లగా ఉంటాయా?"

"లేదు, గోరువెచ్చగానే ఉన్నాయి. వానలో కూడా."

పైలట్ తలాడించాడు. ఖాళీ గ్లాసుని అరచేతుల్లో తిప్పాడు. ఫొటోగ్రాఫర్ గుమ్మం దిగి వచ్చి బావ వెనక నిలబడ్డాడు.

"సముద్రానికి ఎదురుగా, ఇద్దరు కూర్చునే చోటేమైనా ఉందా?"

"ఉందన్నయ్యా, సిమెంటు బల్ల. తడిసి ముద్దయిపోయి ఉంది" అంది ఆవిడ. ఆయన గొంతు వినపడిన వైపు ముఖం తిప్పింది. "అయినా కూర్చున్నాం."